అడుగు అతుకు

డెయిరీకి చేసిచ్చిన ట్యాంకు మళ్లీ వెనక్కి వచ్చింది. ఈసారీ కారింది అడుగు అతుకు దగ్గరే.

"రంగు సరిగ్గా ఆరలేదమ్మాయ్," అన్నారు బావగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి.

వెల్డింగు షాపు ఆర్డర్లు చూసుకునే మరదలికి ఒళ్లు మండింది. పోయినసారి తప్పు రేకుది. అంతకుముందు లారీ డ్రైవరుది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సాకులకి కొదవలేదు. కానీ పైకి ఒక మాట అనడానికి లేదు. ఆయన వరసకీ పెద్ద, వెల్డింగుకీ పెద్ద.

డెయిరీవాళ్లు మాత్రం తెగేసి చెప్పారు. వెల్డర్లు పరిశ్రమ ప్రమాణాల ప్రకారం పరీక్ష నెగ్గితేనే ఇకమీద ఆర్డరు. అది పోతే షాపు షట్టరు దించుకోవడమే.

"నా చేతికి పరీక్షా? మీ ఆయనకి పని నేర్పిందే నేను!"

"ఆయన కూడా పరీక్షకి వస్తున్నారు బావగారూ."

"వాడా? తప్పుతాడు."

"నేర్పింది మీరేగా!"



పరీక్ష పెట్టడానికి వచ్చినాయన అన్నదమ్ములిద్దరి చేతా రేకుముక్కలు అతికించాడు. బల్లమీద పరిచి ఒకటి, నిలువుగా నిలబెట్టి ఒకటి, తలపైన బిగించి కిందినుంచి ఒకటి. తర్వాత ఒక్కొక్కటీ యంత్రంలో పెట్టి వంచాడు. బావగారి మొదటి రెండూ చక్కగా వంగాయి. ఆయన మీసం దువ్వుకున్నారు. మూడోది టక్కున విరిగింది. తమ్ముడిదీ అంతే.

"ఇనుము మంచిది కాదు," అన్నారు బావగారు.

"మొదటి రెండూ ఇదే ఇనుమండీ. చెయ్యి పైకెత్తి అతికేటప్పుడు కరిగింది లోపలిదాకా దిగడం లేదు. మీ షాపులో అలాంటి పని ఎక్కడ చేస్తారు?" అని అడిగాడు పరీక్ష పెట్టినాయన.

మరదలు వెనక్కి వచ్చిన ట్యాంకు వైపు చూసింది. ముందుగా ట్యాంకుకి కాళ్లు బిగించి నిలబెట్టడం, తర్వాత బావగారు వెల్లకిలా కిందికి దూరి అడుగు అతకడం. అది ఇంటిపెద్ద హక్కు, ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు.

"కాళ్లు ముందెందుకు పెడతాం బావగారూ?"

"నాన్న అలాగే పెట్టేవాడు."

"ఎందుకట?"

"అప్పుడు ట్యాంకుని తిరగెయ్యడానికి గొలుసు కప్పీ ఎక్కడ ఏడిసింది?"

"మరి ఇప్పుడుందిగా! మీ చొక్కాలు ఆరేసుకోవడానికా అది?"

అందరూ తలెత్తారు. కప్పీ కొక్కేనికి తడిచొక్కా వేలాడుతోంది. బావగారు వెళ్లి దాన్ని తీశారు.

తలపైన చేసే పని జోలికి వెళ్లకూడదన్న షరతు మీద, మిగతా రెండు రకాలకీ ఇద్దరికీ ధ్రువపత్రాలు వచ్చాయి. కొత్త ట్యాంకుని కప్పీతో బోర్లా తిప్పి, అడుగుని పైనుంచే అతికి, కాళ్లు ఆఖర్న పెట్టారు. డెయిరీ మనిషి ఎదుటే నిండా నీళ్లు పోశారు. చుక్క కారలేదు. ఆర్డరు నిలిచింది.

"చూశావా అమ్మాయ్," అన్నారు బావగారు చేతులు తుడుచుకుంటూ, "ఈసారి రంగు బాగా ఆరింది."

ఆ ట్యాంకుకి ఇంకా రంగే వెయ్యలేదు. మరదలు తల పట్టుకుని అక్కడే స్టూలు మీద కూలబడింది.