ఏడో పేజీ తేదీ

ప్రొద్దుటూరు ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పే అనసూయ ఏడుపుపాటల మీద వ్యాసం రాసింది. మొగుడో కొడుకో పోయినప్పుడు పల్లెల్లో ఆడవాళ్లు రాగం తీసి పాడే శోకాలవి. యూనివర్సిటీ వారి సంచికలో వేస్తామని ప్రొఫెసర్ పద్మనాభయ్యగారు మాటిచ్చారు. మాటిచ్చి రెండుసార్లు తిప్పి పంపారు. పాటల్లో తప్పు లేదట, విశ్లేషణలోనూ లేదట. తప్పంతా పేజీ అడుగున చిన్నక్షరాలతో వేసే ఫుట్‌నోట్లలోనే. పాడిన మనిషి పేరు, కామా, వయసు, కామా, ఊరు, తాలూకా, కామా, పాడిన తేదీ, చుక్క. ఈ వరస తప్పితే అది దారినపోయే దానయ్య పాట అవుతుంది గాని పరిశోధన కాదని ఎర్రసిరాతో రాశారు.

పెళ్లిచూపుల్లో పిల్ల నడక చూసినట్టు కామాలు చూస్తాడు ఈ మహానుభావుడు అని అనసూయ విసుక్కుంది. విసుక్కుంటూనే ఒక్కటీ వదలకుండా దిద్దింది. దిద్దిన తర్వాత ఆ వరసలు చూసుకుని గర్వపడింది కూడా. అలాంటి సంచికలు చదివేది వాటిలో రాసినవాళ్లూ, రాయబోయేవాళ్లూ. ఇంకెవరూ ముట్టుకోరన్నది ఆమె ధైర్యం.

దగ్గరుండి ప్రూఫులు దిద్దుకోవచ్చని అచ్చుపని ఊళ్లోనే, యూనుస్ ప్రెస్సులో పెట్టుకుంది. ఆదివారం పొద్దున వెళ్లి కాగితాలు తిరగేస్తూ, ఏడో పేజీ దగ్గర ఆగింది.

"ఇది ఒకటే ఉందే. రెండేసి తీస్తానన్నావు కదా యూనుసూ?"

"ఒకదానికి సిరా పూసుకపోయింది టీచరమ్మా. పారేసేదెందుకని పెండ్లిపత్రికల కట్టకు చుట్టి పంపించినా."

ఏ ప్రెస్సులోనైనా జరిగేదే. చెడిపోయిన ప్రూఫులు పత్రికలకూ రశీదు పుస్తకాలకూ చుట్టుకాగితాలవుతాయి. అనసూయ మాటవరసకు అడిగింది, ఎవరి పెళ్లి అని.

"ఎర్రమిట్టపల్లె ఓబన్న బిడ్డది. నిన్ననే పులివెందుల బస్సుకేసినా."

అనసూయ చేతిలో పెన్ను కిందపడింది. యూనుస్ వంగి తీసిచ్చాడు. ఆమె దాన్ని అందుకోకుండా ఏడో పేజీ వైపే చూస్తూ నిలబడింది.

ఆ పేజీలో ఉన్నది ఎర్రమిట్టపల్లె సుబ్బమ్మ పాట.

*కపిల తోలను పోతివి, కబురన్న పంపకపోతివి*
*పొద్దుగూకె, ఎద్దులొచ్చె, నువ్వు రాకపోతివి*
*ఓబన్న వాకిట్లో ఒంటిచెప్పు జూస్తినే*
*ముల్లు దిగిన గుర్తు జూసి నీదే అనుకొంటినే*

ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల దగ్గరికి పోయిన సుబ్బమ్మ మొగుణ్ని నాలుగేళ్ల కింద చంపేశారు. చంపించింది ఓబన్నేనని ఊరంతటికీ తెలుసు, కోర్టుకు మాత్రం తెలియలేదు. ఓబన్న మనుషుల్ని ఆ కపిల దగ్గర చూసిన ముగ్గురూ బోనెక్కి, ఆ దినం కాదు, అంతకు ముందు దినం చూశామన్నారు. కేసు కొట్టేశారు. సుబ్బమ్మ చూసిన చెప్పు సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు. అనసూయ పోయి, నీ పేరు, నీ ఊరు, నువ్వు పాడిన రోజు అన్నీ అచ్చులో వేస్తాను అన్నప్పుడు ఆమె ముఖం విప్పారింది. "ఏస్తావా? నేను చెప్పిన పొద్దు గూడ ఏస్తావా?" అని రెండుసార్లు అడిగింది.

శోకానికి ఆ పల్లెల్లో ఒక కట్టుబాటు ఉంది. కర్మలు జరిగే పెద్దదినం దాకా మొగుడు పోయిన ఆడది ఎవరి పేరైనా ఎత్తి ఏడవవచ్చు. ఎదుటి పక్షం వాళ్లు కూడా తల వంచుకుని విని పోతారే గాని పగ పట్టరు. పెద్దదినం దాటాక అదే పేరు ఎత్తితే అది శోకం కాదు, సాక్ష్యం. ఈ సంగతి అనసూయకు తెలియక కాదు. అదే ఏడో పేజీ మీది భాగంలో చక్కగా వివరించింది కూడా. అడుగున మాత్రం పద్మనాభయ్యగారు మెచ్చేలా వేసింది: సుబ్బమ్మ, 42 ఏళ్లు, ఎర్రమిట్టపల్లె, పులివెందుల తాలూకా, 12-2-1958.

మనిషి పోయిన నాలుగేళ్లకు పాడిందని ఆ తేదీ చాటుతోంది. చదువుకున్నదాన్నని విర్రవీగి, ఒక ఆడదాని మెడ కత్తి కింద పెట్టి, చివర చుక్క కూడా పెట్టాను కదా అనుకుంది అనసూయ.

యూనుస్‌కు ఆ పేజీ ముట్టుకోవద్దని చెప్పి, మంచి ప్రూఫు సంచిలో పెట్టుకుని పులివెందుల బస్సెక్కింది. జమ్మలమడుగు దగ్గర పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. బస్సు చల్లగా దాటింది. ముద్దనూరులో డ్రైవరు టీ తాగడానికి దిగి, ఎంతకూ రాలేదు. అనసూయ అతణ్ని మనసులో నానా తిట్లూ తిట్టింది. ఓబన్నకు చదువు రాదేమో, కట్ట ఇంకా విప్పలేదేమో, విప్పినా చుట్టుకాగితం ఎవరు చదువుతారు అని తనకు తానే చెప్పుకుంది. ఏ మాటా మనసుకు ఆనలేదు. సుబ్బమ్మ వాకిట్లో ఇప్పటికే జనం గుమిగూడి ఉన్నట్టు ఒకటే కళ్లకు కట్టింది.

వాకిట్లో జనం లేరు. సుబ్బమ్మ అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఆమెను ప్రాణాలతో చూసి అనసూయ అరుగెక్కింది. పక్కనే కూలబడి జరిగిందంతా చెప్పింది.

సుబ్బమ్మ చేయి ఆగింది. "ఆయప్పకు సదువొచ్చు టీచరమ్మా. శానా బాగా వచ్చు."

"మా ఇంటికి పోదాం రా. ఇప్పుడే."

"యాడికని పోయేది? గొడ్లున్నాయి, చేనుంది."

అంతలో వీధి మలుపులో ఓబన్న కనిపించాడు. ఆ ఊళ్లో పెళ్లి పిలుపులకు ఆడవాళ్లే ఇల్లిల్లూ తిరుగుతారు. మగవాడు, అందులోనూ ఓబన్న, వెంట ఎవరూ లేకుండా, ఈ ఇంటికి రావడం ఎవరూ చూడలేదు. ఎదురింటి వాళ్లు తలుపు దగ్గరికి వేసుకున్నారు. అనసూయ సంచి ఒళ్లోకి లాక్కుంది.

"బాగుండావా వదినా? పాప పెండ్లి. పత్రిక ఇచ్చి పోదామని వచ్చినా." పత్రిక అరుగు మీద పెట్టి, అనసూయ వైపు తిరిగాడు. "ఏడుపుపాటలు రాసుకుంటాండే టీచరమ్మ నువ్వేనా?"

అనసూయ తల ఊపింది. అతడు జేబులోంచి సిరా మరకల కాగితం తీసి, మడతలు విప్పి, తొడ మీద పరుచుకున్నాడు. కొన్ని మాటల కింద గోటితో గీసిన గీతలున్నాయి. తన వ్యాసాన్ని ఇంత శ్రద్ధగా చదివేవాడు ఇంకొకడు పుట్టడనుకుంది అనసూయ.

"శానా బాగా రాసినావమ్మా. శోకంలో అన్న మాటకు పగ లేదు అన్నావు. నిజం. ఆ పొద్దు ఈ వదిన నా పేరెత్తి ఏడిస్తే నేను గూడ నిలబడి ఇన్నా. ఒక్క మాటన్నానా వదినా?"

సుబ్బమ్మ ఇంకో కాయ ఒలిచింది.

"మరి కింద ఈ తేదీ ఏంది? మొన్న మొన్నటిది. పైన రాసింది నిజమైతే ఈ తేదీ తప్పు. ఈ తేదీ నిజమైతే..." ఓబన్న గొంతు పెంచలేదు. "రెండిట్లో ఏది తప్పు టీచరమ్మా?"

అనసూయకు సుబ్బమ్మ ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. శనక్కాయ పొట్టు వైపు చూస్తూ, "తేదీ తప్పు. అచ్చుతప్పు," అంది.

"అట్లయితే దిద్దు."

పెన్ను తీసింది. చిన్నక్షరాల మీద గీత కొట్టింది. పక్కన కొత్తది రాయబోయి ఆగింది. సుబ్బమ్మ మొగుడు పోయిన తేదీ ఆమెకు గుర్తు లేదు. సుబ్బమ్మకు ఇంగ్లీషు తేదీలు తెలియవు. ఉగాది పోయి, ఎండలు ముదిరిన పొద్దు అనే చెప్పేది.

"యాభై నాలుగు, మే నెల," అన్నాడు ఓబన్న తడుముకోకుండా. "పోయింది ఎనిమిదో తేదీ. మూడో దినానికి ఏడ్సినాదని పదో తేదీ ఎయ్యి."

అనసూయ అతడు చెప్పిన తేదీ వేసింది. కామా పెట్టింది, చుక్క పెట్టింది. అతడు కాగితం తీసుకుని సిరా ఆరేదాకా ఊది, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అచ్చయినాక నాకొకటి పంపియ్యి. ఎంతయినా ఇచ్చుకుంటా. పెండ్లికి రా వదినా."

అతడు వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ కదల్లేదు. ఎదురింటి తలుపు మళ్లీ తెరుచుకుంది. అనసూయకు అప్పుడు ఏడుపొచ్చింది. సుబ్బమ్మ బతికిందని వచ్చింది, ఇంకెందుకో కూడా వచ్చింది. తాను చేసింది ఏమిటో ఆమెకు బాగానే తెలుసు. బోనెక్కిన ముగ్గురూ చేసిందే చేసింది. వాళ్లు కూడా భయపడే చేసి ఉంటారని ఇప్పుడు తెలిసింది.

"ఊరుకోమ్మా. పానం మీదికి వస్తే ఎవరైనా అంతే," అంది సుబ్బమ్మ. చేట పక్కకు జరిపి, కొంగుకు చేతులు తుడుచుకుంది. "నీ సంచిలో ఇంకొకటి ఉందంటివే, మరకల్లేంది. అది తియ్యి ఒకసారి. నా పేరు యాడుందో చూపియ్యి."

అనసూయ మంచి ప్రూఫు తీసి పరిచింది. సుబ్బమ్మ వేలు పట్టుకుని పేజీ అడుగున పెట్టింది.

"ఇంత సన్నంగానా? సరే, చదువు."

"సుబ్బమ్మ," అని చదివింది అనసూయ. "నలభై రెండేళ్లు. ఎర్రమిట్టపల్లె, పులివెందుల తాలూకా."

అక్కడ ఆపింది. సుబ్బమ్మ వేలు కాగితం మీద ఇంకొంచెం ముందుకు జరిగి, గీత పడని తేదీ మీద నిలిచింది.

"ఇంకా ఏందో ఉందే ఈడ."

అనసూయ వీధి మలుపు వైపు చూసింది.

"నేను చెప్పిన పొద్దు గదా అది," అంది సుబ్బమ్మ. "చదువమ్మా. ఈడ ఎవరూ లేరులే."