కలుపు పీకిన తమ్ముడు

ఆదివారం పొద్దెక్కేసరికి ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ గడ్డి కోసే మిషన్లు మొదలవుతాయి. లాన్‌లో కలుపు ఎంత ముదిరినా పైపైన కోసి ఊరుకుంటారు తప్ప ఎవరూ వేరుతో పీకరు. పీకితే, ఎప్పుడో అక్కడ నిలబడి ఎవరన్న మాటో వేరుతో పాటు పైకొచ్చి వినపడుతుంది మరి. ఎదురింటి పెద్దాయన ఓసారి పొరపాటున ఒకటి పీకి, పాతికేళ్ళ కిందట భార్యని తిట్టిన తిట్టు మళ్ళీ ఆవిడ చెవిన వేశాడు. ఆ వారమంతా ఆయన వంట ఆయనే చేసుకున్నాడు.

కుట్టుమిషను అక్క లాన్ మరీ అధ్వాన్నం. తల్లి మంచాన పడ్డ తొమ్మిదేళ్ళూ కోసే తీరికే దొరకలేదు. కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ కలుపు గడప దాకా పాకింది. తల్లి పోయి మూడు నెలలైనా కాలేదు, తమ్ముడు ఇల్లు అమ్మకానికి పెట్టేశాడు. కాగితాల్లో ఉన్నది అతని పేరే. అక్క తల దాచుకునేదీ, నాలుగు జాకెట్లు కుట్టుకుని బతికేదీ ఆ ముందుగదిలోనేనని తెలిసీ పెట్టాడు. ఒంటి మనిషివి, ఎక్కడైనా సర్దుకుంటావులే అనేశాడు పైగా. ఒళ్ళు మండదూ మరి!

ఆ రోజు ఇల్లు చూడ్డానికి పళ్ళ డాక్టరు వచ్చాడు. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన మనిషి. గదులన్నీ నచ్చాయి గానీ లాన్ చూసి మొహం చిట్లించాడు. దాంతో తమ్ముడికి చిర్రెత్తుకొచ్చింది. నాలుగు గడ్డిపరకలు పీకడానికి చేతులు పడిపోయాయా అని పరాయి మనిషి ముందే అక్కని కడిగేశాడు. ఎనిమిదేళ్ళుగా అపార్ట్‌మెంటులో కాపురముంటూ వీధి సంగతి మరిచిపోయాడో, నన్నేం చేస్తుందిలే అనుకున్నాడో. చొక్కా చేతులు పైకి మడిచి, గేటు పక్కనున్న పెద్ద దుబ్బుని పట్టి గుంజాడు.

వేరు ఊడొచ్చింది. దాంతోపాటు అతని గొంతే వచ్చింది, బతిమాలుతున్న గొంతు.

"ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి అమ్మని చూసుకో అక్కా. ఈ ఇల్లు నీదే. అమ్మ మీద ఒట్టు."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. పక్కింటివాళ్ళు మిషను ఆపి మరీ విన్నారు. ఇంత లోతుగా ఒట్టు పాతుకున్న ఇంటిని తాను ముట్టుకోనని, ఇది విన్నాక ఈ వీధిలో ఇంకెవరూ ముట్టుకోరని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు.

తమ్ముడు దుబ్బు చేతిలో పట్టుకునే అక్క మీద విరుచుకుపడ్డాడు. ఇంత కాలం నోరు మూసుకుని కూర్చునే బదులు నువ్వే పీకి నాకు వినిపించొచ్చుగా, నలుగురిలో నా పరువు తీయాలా అన్నాడు.

అక్క వెళ్ళి గేటు బార్లా తెరిచింది.

"నువ్వు ఎక్కడ నిలబడి ఆ మాటన్నావో నాకు తెలుసురా. అమ్మ మందులకి వెళ్ళినప్పుడల్లా దాని పక్కనుంచే వెళ్ళాను. కలుపు చెబితే గానీ గుర్తురాని తమ్ముడివని నమ్మబుద్ధి కాక పీకలేదు. ఇప్పుడు నమ్మాను. నడు బయటికి."

నెల తిరక్కుండా తమ్ముడే ఇల్లు ఆమె పేరు మీదికి మార్చేశాడు. కాగితాలు పోస్టులో వచ్చాయి. అతను రాలేదు, ఆమె రమ్మననూ లేదు.