నలభైమూడో ఓడ

గుంపుగా సాగే ఇంగ్లీషు బిడారులో నలభైమూడు సరుకు ఓడలు. ప్రూడెన్స్ నలభైమూడోది. వెనకబడడం ఆ ఓడకి వెనకటినుంచీ ఉన్న అలవాటు. లోపల ఉప్పుచేప, పైన చిరుగుల తెరచాప. ఆ చేపకీ ఈ చాపకీ మధ్య తొమ్మిదిమంది నావికులు, కెప్టెన్ జాబెజ్ కల్లిమోర్, అతని భార్య థర్జా. న్యూఫౌండ్లాండ్‌లో బయలుదేరి ఇరవై రోజులైంది. ఇంకో మూడు రోజులు గడిస్తే పోర్చుగల్ రేవు.

ఆ మూడు రోజులే జాబెజ్‌కి మింగుడుపడడం లేదు. ఫ్రెంచి దొంగఓడలు కాపు వేసేది ఇక్కడే. అతని తమ్ముడు ఈనక్‌ని ఇక్కడే పట్టుకుపోయి ఆరేళ్ళు. యుద్ధం ముగిసేదాకా కోట జైలే గతి. ఆ యుద్ధమేమో ముగిసే రకం కాదు. ఈసారి తను చిక్కితే పక్కన థర్జా కూడా చిక్కుతుంది. ఆవిడ మాత్రం ఈనక్ కోసం ఉన్ని మేజోళ్ళు అల్లుతూ, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

కాపలాకి ఒక యుద్ధనౌక ఉంది. దాని కెప్టెన్ ఫెన్విక్‌కి ఫిరంగుల కన్నా నోరు పెద్దది. జాబెజ్ ఇప్పటికే మూడుసార్లు 'శత్రువు వచ్చాడు' అని తెలిపే జెండా ఎగరేశాడు. మొదటిసారి తిమింగలం, రెండోసారి మబ్బు, మూడోసారి చేపలు పట్టుకునే ముసలాయన. "నాలుగోసారి ఎగరేశావంటే నీ మనుషుల్లో ఇద్దర్ని లాక్కుపోయి నా ఫిరంగుల దగ్గర పడేస్తా!" అని ఫెన్విక్ బాకాలో అరిచి వెళ్ళాడు.

నిన్నటి మంచు విడిచేసరికి ఓడలన్నీ చెల్లాచెదురు. పక్కన కొత్త ఓడ ఒకటి కనిపించింది. బ్రిస్టల్ వాళ్ళమన్నారు, మంచులో వరస తప్పామన్నారు. డెక్ మీద నలుగురే ఉన్నారు. చేతులు బాగా ఊపారు.

ఈ మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన విరుచుకుపడింది. అన్ని ఓడలూ తెరచాపలు చుట్టడం మొదలెట్టాయి.

"థర్జా, ఆ పక్కవాళ్ళని చూశావా?"

"చూడక? నేను మేజోడు ఒక వరస తిప్పేలోగా చుట్టేసి దిగిపోయారు. మనవాళ్ళింకా తాళ్ళ దగ్గర నువ్వెక్కంటే నువ్వెక్కని వాదులాడుకుంటున్నారు."

"ఎంతమంది ఎక్కారు?"

"తెరచాప కట్టే ఒక్క అడ్డకొయ్య మీదే పదిహేనుమంది. ఇప్పుడు చూడవయ్యా, మళ్ళీ నలుగురే!"

వీళ్ళు బ్రిస్టల్ వాళ్ళు కారని జాబెజ్‌కి తెలిసిపోయింది. సరుకు ఓడలో ఎవరూ తిండి దండగని పదిమందికి మించి పెట్టుకోరు. అక్కడ ఒక్క కొయ్య మీదే పదిహేనుమంది ఉంటే, డెక్ కింద ఎంతమంది కత్తులు నూరుతున్నారో!

"కెప్టెన్ గారూ, జెండా ఎగరేద్దామా?" అన్నాడు సరంగు సేత్.

"ఎగరేస్తే ముందు చూసేది పక్కవాడే. ఆ క్షణమే మీద పడతాడు. ఫెన్విక్ రెండు మైళ్ళ అవతల. చూసినా ఇంకో తిమింగలం అనుకుంటాడు."

"ఆ పెద్దమనిషి పిలిస్తే రాడు," అంది థర్జా సూదులు ఆపకుండా. "తిట్టడానికైతే అన్నం మధ్యలో లేచి వస్తాడు."

ఆ మాట పట్టుకుని జాబెజ్ సరంగువైపు తిరిగాడు.

"సేత్, తెరచాపలన్నీ దించెయ్."

"అన్నీనా? బిడారు మనల్ని వదిలేసి పోతుందండీ!"

"అన్నీ. కంగారు పడకు. మన అలవాటు ప్రకారం మెల్లగానే."

నాటకం తెర లేస్తే మొదలవుతుంది. ఇక్కడ తెరచాప దిగాక మొదలైంది. ప్రూడెన్స్ నీళ్ళలో నిలబడిపోయింది. గాలివాన తగ్గగానే మిగతా ఓడలు తెరచాపలు విప్పుకుని, చిన్నవై చిన్నవై ముందుకు సాగాయి. బ్రిస్టల్ ఓడ మాత్రం నిదానంగా వేగం తగ్గించి ఇటువైపు జరగసాగింది. నాలుగు వందల గజాలు. మూడు వందలు. డెక్ మీది నలుగురు ఏడుగురయ్యారు.

దూరాన యుద్ధనౌక ఫిరంగి మోగింది. వరసలోకి రమ్మని హెచ్చరిక, గుండు లేని ఉత్త మోతే. ఎవరూ రాలేదు.

"ఒక కుట్టు జారిపోయింది," అంది థర్జా.

రెండు వందల గజాలు. మళ్ళీ మోత. ఈసారి గుండు వచ్చింది. గుండు ఎక్కడో దూరంగానే పడింది. గుండె మాత్రం దగ్గర్లోనే, అరికాళ్ళలోకి జారింది. యుద్ధనౌక గిర్రున తిరిగి గాలివాటున దూసుకొచ్చింది. వెనకబడ్డ ఓడని యుద్ధనౌక తిట్టిపోవడం బిడారులో రోజూ ఉండేదే కాబట్టి పక్క ఓడ కదల్లేదు. మళ్ళీ చేతులూపింది.

"ఓయ్, ఉప్పుచేపల కొట్టూ!" బాకా గర్జించింది. "పట్టపగలే దుకాణం కట్టేశావేం? ఇదేమన్నా సంతనుకున్నావా?"

తను ఏమన్నా ఫెన్విక్, పక్కవాడు ఇద్దరూ వింటారు. ఇద్దరిలో ఫెన్విక్‌కే అర్థం కావాలి.

"నన్నే తిడతారేమండీ?" జాబెజ్ గొంతు చించుకున్నాడు. "నాకున్నదే తొమ్మిదిమంది! ఈ బ్రిస్టల్ వాళ్ళలా ఒక్క కొయ్య మీదికి పదిహేనుమందిని ఎక్కించే భాగ్యం నాకెక్కడిది? చిటికెలో చుట్టేశారు! చేతనైతే వాళ్ళని మెచ్చుకోండి!"

బాకా ఫెన్విక్ నోటి దగ్గరే ఉండిపోయింది. అతని తల మెల్లగా ఆ ఓడవైపు తిరిగింది.

యుద్ధనౌక పక్కన ఫిరంగుల తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి.

బ్రిస్టల్ ఓడలోంచి మనుషులు చేతులెత్తి పైకి వస్తూనే ఉన్నారు. సేత్ డెబ్భైదాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేశాడు.

కాసేపటికి బాకా మళ్ళీ లేచింది. "కల్లిమోర్! పట్టుకున్న ఓడ నడపడానికి నీ ఇద్దర్ని పంపు!"

"నేను జెండా ఎగరెయ్యలేదండీ!"

"తెలుసు! అందుకే రేవులో తిరిగిచ్చేస్తా!"

జాబెజ్ నోరు విప్పేలోగా థర్జా లేచి నిలబడింది. "అయ్యా! ఈ ఖైదీలకి బదులు ఫ్రెంచి జైళ్ళనుంచి మనవాళ్ళని విడిపిస్తారటగా? ఈనక్ కల్లిమోర్ పేరు రాసుకోండి!"

ఫెన్విక్ బాకా ఆవిడవైపు తిప్పాడు. "రాస్తానమ్మా. మాటివ్వలేను, రాస్తాను. ముందు మీ ఆయన్ని తెరచాపలు ఎత్తమనండి."

ఏడుగురితో ఎత్తడానికి ముప్పావుగంట పట్టింది. ఎవరూ ఫిరంగి పేల్చలేదు.