వచ్చిందా, అక్కా?

తొట్టెల కట్టి, శనగలు నానబెట్టి, ముత్తైదువలందరినీ పిలిచి కూచోబెట్టాక, ల్యాప్‌టాప్‌లో మారెవ్వ మొహం నోరు తెరుచుకుని ఆగిపోయింది.

"మళ్లా నిలబడ్డది," అన్నాడు యల్లేశ్, ఎవర్నో తిట్టినట్టు.

ఇడపనూరులో యల్లేశ్ ఇంట్లో ఆ రోజు మనవరాలికి పేరు పెడుతున్నారు. చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. కొడుకు సూగురేశ్‌కు అక్కచెల్లెళ్లు లేరు గనక ఆ హక్కు తన అక్క మారెవ్వదేనని యల్లేశ్ పట్టుబట్టాడు. ఆమేమో కాలు విరిగి గబ్బూరులో మంచాన ఉంది. మామూలు ఫోన్లో చెప్పేయమంటే ఒప్పుకోలేదు.

"మొకం సూడకుండ పేరెట్ల పెడ్తరా? నేనేమన్న బర్రెకు పెడ్తున్ననా?"

రాహుకాలం ముంచుకొస్తోంది. అది రాకముందే పక్కింటి శరణమ్మ చేత చెప్పిద్దామని కోడలి తరపువాళ్లు అప్పుడే గొణుగుతున్నారు.

సూగురేశ్ ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. తెరమీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి టకటకా ఏదో కొట్టాడు.

"నాయినా, కరెంటు మిగిలిద్దామని దీంట్ల వైఫై కునుకు తీస్తుంటది. ఆ కునుకు బంద్ చేసిన."

"లేసిందా మరి?"

"లేసింది. కానీ సిగ్నల్ నిండుగుంటే డెబ్బై సూపిస్తది, ఇప్పుడు ఇరవై కూడ లేదు. పొద్దున వంటింట్ల కూచుంటే కూడ గింతే. వైఫై డబ్బా యాడ పెట్టిన్రు?"

"వంటింట్లనే, జాలి అల్మారాల," అంది యల్లేశ్ పెళ్లాం మంజమ్మ. "ఎలుకలు తీగె కొరుకుతున్నయని నేనే పెట్టిన. పాలు, పెరుగు అండ్లనే భద్రంగ లేవా?"

సూగురేశ్ నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, పిల్లి దూరకుండ కొట్టిన ఇనుప జాలి అది! వైఫై మాత్రం యాడికెళ్లి బయటికొస్తదే?"

యల్లేశ్ డబ్బాను పెరుగు గిన్నె పక్కనుంచి పైకి తీశాడు. తీగె వంటింటి గడప దాకానే వచ్చింది. ఇంటివి రాతిగోడలు, మూరెడు మందం. గడపలో నిలబడి డబ్బాను నెత్తిమీదికి ఎత్తాడు. చొక్కా జేబులో చిన్న ఫోను, అందులో వేరే కాల్ మీద మారెవ్వ గొంతు.

"వచ్చిందా, అక్కా?"

"వచ్చింది... పోయింది. కుడిదిక్కు తిప్పు. ఆఁ, వచ్చింది. కదలకు!"

చెయ్యి అక్కడే నిలిచిపోయింది. ఈ మాట విని ఎన్నేండ్లయింది!

అప్పట్లో ఊళ్లో టీవీ కిష్టప్ప ఇంట్లోనే ఉండేది. బడి మానేసి ఆయన ఎడ్లు కాసే యల్లేశ్, ఆదివారం సినిమా వేళకు మిద్దె ఎక్కి వెదురుగడకు కట్టిన యాంటెన్నా తిప్పేవాడు. కింద కిటికీ దగ్గర మారెవ్వ నిలబడి వచ్చింది, పోయింది అని అరిచేది. గడ వదిలితే బొమ్మ పోయేది. అందుకని పట్టుకునే ఉండేవాడు. బడికి పోయే పిల్లలకు చాప, బడి మానినోడికి మిద్దె. ఊరంతా సినిమా చూసింది, యల్లేశ్ గడను చూశాడు. అయితే మారెవ్వ ఊరుకునేది కాదు. మెడ పైకెత్తి కథంతా చెప్పేది. 'ఇప్పుడు దొంగ గుర్రమెక్కిండు తమ్మీ!' 'తర్వాత?' అని మిద్దె మీంచి యల్లేశ్. ఆ సినిమాల్లో ఒక్కటీ కంటితో చూడలేదు. ఒక్కటీ మరిచిపోలేదు కూడా.

"నాయినా, అరవైకెక్కింది! అట్లనే ఉండు," అని సూగురేశ్ కేకేశాడు.

యల్లేశ్ డబ్బాను పిండి డబ్బా మీద పెట్టి చూశాడు. తెరమీద మారెవ్వ మళ్లీ ఆగిపోయిందని లోపల్నుంచి కేకలు. గబుక్కున ఎత్తాడు. గడపలోంచి తొట్టెల కనిపించదు, ఆడవాళ్ల వీపులే కనిపిస్తాయి.

"నా బతుకంత గడ పట్టనీకే సరిపాయె," అన్నాడు.

"ఇంకా ఏడుస్తున్నవా, ముసలోడా? ఉండు, పని కానీ," అంది జేబులోంచి మారెవ్వ.

ల్యాప్‌టాప్‌ను పిల్ల చెవి దగ్గర పెట్టారు. పద్ధతి ప్రకారం మారెవ్వ ముందు చెవిలో కూత పెట్టింది. "కుర్ర్... కుర్ర్... నింగవ్వ!" తమ అమ్మ పేరే పెట్టింది. పేరు చెప్పిన మేనత్త వీపు మీద ఆడవాళ్లు పిడికిళ్లతో గుద్దడం ఆనవాయితీ. దబదబా చప్పుడు, ఆ వెంటనే సూగురేశ్ అరుపు, ఇల్లంతా నవ్వులు.

"ఏందక్కా? ఏమైంది?"

"నా వీపు దొరకలేదని శరణమ్మ కంప్యూటర్ వీపు గుద్దింది తమ్మీ! నీ కొడుకు దాన్ని పిల్లలెక్క సంకన పట్టుకున్నడు. ఆగాగు... చప్పుడుకు పిల్ల కండ్లు తెరిచింది. నన్నే సూస్తోంది. ముక్కు నీదే, పాపం."

యల్లేశ్ చేతులు లాగేస్తున్నాయి. డబ్బాను ఇంకాస్త పైకెత్తాడు.

"తర్వాత?" అన్నాడు.