ఆవిరమ్మ సాక్ష్యం

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను, పేజీ నింపడానికి రెండు రోజులు పడుతుంది. తప్పులు దిద్దుకుని చదవండి, విసుక్కోకండి.

శనివారం పదకొండున్నరకి రోలరు మర మీద రక్తం తుడిచేశారు. పన్నెండింటికి మళ్ళీ నడిపించారు.

ఆస్పత్రి బట్టలు ఉతికే ఆ షెడ్డులో, నేను మడతలు పెట్టిన చోట, అన్నిటికన్నా పెద్ద మర అదే. తడి దుప్పటి ఒకవైపు అందిస్తే వేడి రోలర్ల మధ్య నలిగి, రెండోవైపు కాగితంలా చదునుగా బయటికొస్తుంది. అందించడానికి ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకోవాలి. ఆ ఉదయం దాకా ఆ ఇద్దరూ వదినా ఆడపడుచులు. ఇప్పుడు వదిన ఒక్కతే మిగిలింది. పదకొండేళ్ళుగా ఆ మర ముందు ఆవిరిలో నిలబడింది కాబట్టి ఆమెను అందరూ ఆవిరమ్మ అనేవారు. నేను చూడనివన్నీ తర్వాత ఆమే నాకు చెప్పింది.

ఆడపడుచు కుడిచేతి వేళ్ళు మూడు దుప్పటితో పాటే లోపలికి వెళ్ళిపోయాయి. ఆమెను ఆ ఆస్పత్రిలోనే చేర్చుకున్నారు. తను మొన్న రోలరుకి అందించిన దుప్పట్లలో ఒకదాని మీద పడుకోబెట్టి ఉంటారు. ఆ ఆలోచన ఆవిరమ్మను ఒకచోట నిలబడనివ్వలేదు. చేతులు, మడతల బల్ల నుంచి వచ్చిన మరొకామెతో కలిసి, దుప్పట్లు అందిస్తూనే ఉన్నాయి. కళ్ళు మాటిమాటికీ తలుపు వైపు పోతున్నాయి.

రెండింటికి సూపర్‌వైజరు పిలిపించాడు.

"కూర్చో అమ్మా" అన్నాడు, రాసిపెట్టిన కాగితం ఒకటి ముందుకు తోసి.

పదకొండేళ్ళలో ఆయన కూర్చోమనడం అదే మొదలు. అందుకే ఆవిరమ్మ కూర్చోలేదు.

"ఈ కాగితంలో ఏముందయ్యా?"

"జరిగిందే ఉంది. ఆమె కబుర్లు చెబుతూ పని చేసింది, చెయ్యి లోపలికి పెట్టింది, అడ్డపట్టీ మర మీదే ఉంది. పక్కనే ఉన్నదానివి, సాక్ష్యం నీది."

"పట్టీ మర మీద ఎక్కడుందయ్యా? అది బాయిలరు వెనక్కి పోయి నెలన్నరయింది."

"అక్కడ పెట్టిందెవరు?"



అడ్డపట్టీ అంటే రోలర్ల ముందు అడ్డంగా ఉండే ఇనపబద్ద. చెయ్యి తగిలిందా, మర దానంతటదే ఆగిపోతుంది. మందపాటి దుప్పటి తగిలినా ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా పని వెనకబడుతుంది. వెయ్యి దుప్పట్లు పూర్తికానిదే ఎవరూ ఇంటికి వెళ్ళడానికి లేదు. అందుకని సూపర్‌వైజరు తియ్యమన్నాడు, మెకానిక్కు స్క్రూలు విప్పాడు, ఆవిరమ్మ ఆ బద్దను భుజాన వేసుకుని బాయిలరు వెనక దాచింది. ఆ రోజు గంట ముందే ఇంటికెళ్ళి, వదినా ఆడపడుచులిద్దరూ గుమ్మంలో కాళ్ళు చాపుకుని నవ్వుకున్నారు కూడా.

"నాకూ పైవాళ్ళున్నారమ్మా" అన్నాడాయన, ఈసారి మెత్తగా. "సోమవారం పొద్దున వేలిముద్ర వెయ్. నీ పని నీకుంటుంది. ఆమె మందుల సంగతి కూడా మాట్లాడదాం. వెయ్యకపోతే ఇద్దరూ గేటు బయటే."

సాయంత్రం ఆస్పత్రిలో ఆడపడుచు చెయ్యి గుడ్డలో చుట్టి దిండు మీద పెట్టి ఉంది. వదినను చూసి ముఖం తిప్పుకుంది, ఏడవకుండా ఉండటానికి.

"ఏంటి వదినా అలా తిరుగుతున్నావు? కూర్చో. నర్సు నిన్ను చూసి వార్డు ఊడ్చేదానివి అనుకుంటోంది."

"కూర్చుంటే కాళ్ళు లాగుతున్నాయే."

"కాగితం సంగతి విన్నాలే. వేసెయ్ వదినా."

"వేస్తే తప్పు నీదవుతుందే అమ్మాయ్."

"నా వేళ్ళు ఎలాగూ రావు. నీ జీతం కూడా పోతే అమ్మకి గంజి ఎవరు పోస్తారు? నేను ఈ ఎడంచేత్తో తల కూడా దువ్వుకోలేను." కట్టు వైపు చూసుకుంటూ, "నేను కబుర్లు చెబుతూనే ఉన్నా కదా. అబద్ధం మొత్తం అబద్ధమేం కాదు" అంది.

ఇంటికొచ్చాక అత్తగారు కూతురెలా ఉందని అడిగింది. ఆవిరమ్మ ఏదో చెప్పింది. గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది.

ఆదివారం ఆరాధనకి అందరికన్నా ముందు వెళ్ళింది. ఆరాధన జరిగేది పాస్టరుగారు వారమంతా తాళాలు బాగుచేసే గదిలోనే. ఆదివారం బల్లలు గోడకి జరిపి చాపలు పరుస్తారు. ముప్పై మంది పడతారు, నలభై మంది వస్తారు. భర్త పోయిన ఏడాది, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వచ్చింది ఆవిరమ్మ. అప్పటి నుంచి ఏడేళ్ళుగా మానలేదు. ఏం మారిందని అడిగితే చెప్పలేదు. ఇంటి పైకప్పు కారుతూనే ఉంది, జీతం రోజుకి నాలుగువందల ఇరవై దాటలేదు. కానీ ఆ గదిలో పాడే రెండు గంటలూ, తన బాధను ఎవరో ఒకరు చివరిదాకా వింటున్నారని ఆమెకు అనిపించేది. ఆ అనిపించడం ఆరు రోజులు సరిపోయేది.

అక్కడ చదువొచ్చినవాళ్ళు తక్కువ. అందుకని పాస్టరుగారు పాటలో ఒక్కో చరణం ముందు చెబుతారు, తర్వాత అందరూ పాడతారు. ఆ రోజు ఆవిరమ్మకి బాగా ఇష్టమైన పాట.

"నా మొర నీ చెవిని పడనీ ప్రభువా" అన్నారాయన.

"నా మర నీ చెవిని పడనీ ప్రభువా" అని పాడింది ఆవిరమ్మ, కళ్ళు మూసుకుని.

పక్కన కూర్చున్న సంచులు కుట్టే ముసలామె మోచేత్తో పొడిచింది. ఆమెకు చదువొచ్చు, పుస్తకం ఒళ్ళో ఉంది. "మర కాదే పిల్లా, మొర. ఏళ్ళ తరబడి చెబుదామనుకుంటూనే ఉన్నా. నీ గొంతు పెద్దది, ఈ వైపంతా మరమర అంటున్నారు."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిరమ్మకి చెవులు వేడెక్కాయి. ఏడేళ్ళూ ఆమె అనుకున్నది ఒకటే. షెడ్డులో ఆ మర చేసే చప్పుడులో మనిషి అరిచినా పక్క మనిషికి వినపడదు. అలాంటి మరను దేవుడు వింటాడని పాట రాసిన మహానుభావుడెవరో, ఆయన కూడా ఎక్కడో రోలరు ముందు నిలబడి ఉంటాడని అనుకుంది. ఇప్పుడు అది ఉత్త పొరపాటని తేలింది. నిన్నటి నుంచి పట్టుకుని వేలాడుతున్న ఒక్క కొసా చేతిలోంచి జారినట్టయింది.

పాట అయ్యాక పాస్టరుగారు, "సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి" అన్నారు.

ఆ మాట ప్రతివారం వినేదే. జ్వరం తగ్గినవాళ్ళూ, పని దొరికినవాళ్ళూ లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. ఆవిరమ్మ ఎప్పుడూ లేవలేదు. చెప్పుకునేంత మేలు ఏదీ కనపడలేదు. ఆ రోజు మాత్రం ఆ మాట ఆమెకు సూపర్‌వైజరు గొంతుతో వినపడింది. సాక్ష్యం నీది. కాళ్ళు వాటంతటవే లేచాయి.

"నాకు చెప్పడం రాదండి" అంది. "దేవుడు చేసింది చెప్పడానికి లేవలేదు. నేను చేసింది చెప్పాలి. మా ఆడపడుచు చెయ్యి నలిగింది. మరకి అడ్డపట్టీ ఉంటే నలిగేది కాదు. దాన్ని మోసుకెళ్ళి దాచింది నేనే. తొందరగా ఇంటికెళ్ళొచ్చని దాచాను. ఇప్పుడు పట్టీ ఉందని చెప్పమంటున్నారు. చెబితే నా కూడు నాకుంటుంది. ఇంతేనండి."

కూర్చోవడం మరిచిపోయి అలాగే నిలబడింది. అలాంటి సాక్ష్యానికి ఆమెన్ అనొచ్చో లేదో పాస్టరుగారికీ తెలియదు.

అప్పుడు సంచులు కుట్టే ముసలామె పుస్తకం మూసేసి పాడటం మొదలుపెట్టింది. "నా మర నీ చెవిని పడనీ ప్రభువా."

ముందు ఒక్క గొంతే. తర్వాత ఈ వైపు, ఆ తర్వాత ఆ వైపు. పాస్టరుగారు కూడా అదే మాట పాడారు, దిద్దలేదు. ఆవిరమ్మ పాడలేదు. నలభై మంది తన మర గురించి దేవుడికి చెబుతుంటే వింటూ నిలబడింది. నిన్న మధ్యాహ్నం నుంచి మొదటిసారి ఆమె చేతులు ఊరికే ఉన్నాయి.

బయటికొచ్చాక పాస్టరుగారు అడిగారు. "రేపు నేను కూడా రానా అమ్మా?"

"వద్దండి. మీరొస్తే పాస్టరు నేర్పించి పంపాడంటారు. మీకొచ్చే తాళాల పని కూడా ఆస్పత్రిదే కదా."

ఆయన తల దించుకున్నారు. "అవునమ్మా" అన్నారు.

సోమవారం ఏడింటికి సూపర్‌వైజరు బల్ల మీద కాగితం, పక్కన మూత తీసిన ఇంకు పెట్టె సిద్ధంగా ఉన్నాయి.

"వెయ్యనయ్యా" అంది ఆవిరమ్మ.

"నిన్న గుళ్ళో ఉపన్యాసం ఇచ్చావట. ఇక్కడ ప్రార్థనలతో దుప్పట్లు ఆరవు."

"ఆరవు. అందుకే పనిలోకొచ్చాను."

"చదువు రాదు, ఇందులో ఏముందో నీకేం తెలుసు?"

"మీరే చదివి వినిపించారు. ఇప్పుడు నేను చెప్పింది మీరు రాయండి, వేలిముద్ర వేస్తాను. తియ్యమన్నది మీరు, విప్పింది మెకానిక్కు, దాచింది నేను. మూడూ రాయండి. నాది మాత్రం వదిలెయ్యకండి."

ఆయన ఇంకు పెట్టె మూత పెట్టేశాడు. "వెళ్ళి మర దగ్గర నిలబడు. పైవాళ్ళు పదింటికి వస్తారు, నీ సంగతి వాళ్ళే తేలుస్తారు."

మర అప్పటికే వేడెక్కి తిరుగుతోంది. ఆడపడుచు చోట కొత్తామె ఒకతె నిలబడి ఉంది, ఆమెకు అదే మొదటిరోజు. తడి దుప్పటి ఒక కొస పట్టుకుని, రెండో కొస ఎవరందుకుంటారా అని చూస్తోంది. ఆవిరమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది కానీ చెయ్యి చాపలేదు.

"అక్కా, పట్టుకోనా, వదిలెయ్యనా?" అంది కొత్తామె. నీళ్ళ బరువుకి ఆమె మణికట్టు కిందికి వంగుతోంది.

"ముందు నీ చేతులు వెనక్కి తీసుకో. దీనికి అడ్డపట్టీ లేదు" అంది ఆవిరమ్మ.

దుప్పటి నేల మీద పడింది. మడతల బల్ల దగ్గర మేమంతా పని ఆపి తలలెత్తాం. రోలర్లు ఉత్తినే తిరుగుతున్నాయి. బయట, దుప్పట్ల కోసం వార్డు నుంచి వచ్చిన మొదటి బండి గేటు దగ్గర ఆగి హారన్ కొట్టింది.

— రాసింది: మడతల మామ్మ అంటారు నన్ను. అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు కూతురింట్లో, మెట్ల కింద గదిలో ఉంటున్నాను.