ఇనుప కాలు

అనాయెలి మంచం దిగకుండానే సంచి సర్దుకుంటోంది. నడుముకు చుట్టుకునే రెండు కాంగా బట్టలు, చర్చి పాటల పుస్తకం, ఫ్లాస్కు. ఎడమ తొడ మోకాలికి పైన పక్కకు ఒరిగిపోయి, ఎవరిదో కాలులా ఉంది. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు, "ఇనుము వేయించుకున్నదానివి, మళ్ళీ ఆస్పత్రేమిటే? మా కాళ్ళలో అదీ లేదు, మేం నడవట్లా!" అంది.

బైకు టాక్సీ మీంచి పడి తొడ ఎముక విరిగినప్పుడు పట్నం ఆస్పత్రిలో వేసిన ఇనుప ప్లేటు అది. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి మరీ చెప్పింది: "ఇది నీ ఎముక కాదమ్మా, ఎముక అతుక్కునేదాకా కాపలా. తొడకు వెలుపలి పక్కన వేశాం, లోపలి పక్క ఎముక అతుక్కోక ఇంకా ఖాళీయే. బరువు మోపితే ఆ ఖాళీ వైపు వంగుతుంది. వెంట్రుకవాసి వంగితే మంచిదే, కొత్త ఎముక పుడుతుంది. ఎక్కువ వంగిందా, తీగను అటూ ఇటూ వంచి తుంచినట్టే."

అనాయెలికి అర్థమైంది. ఇంట్లో ఎవరికీ కాలేదు. అర్థం చేసుకోదలచలేదేమో. భర్త షాయో అరటికల్లు దుకాణంలో "మా ఆవిడది ఇనుప కాలురా, లారీ ఎక్కినా విరగదు!" అంటే అందరూ పగలబడి నవ్వారట. మర్నాటికి చంకకర్రలు మూలకు చేరాయి. కొట్టంలో ఆవులు మేతకు అరిచేవి. కిలిమంజారో కింది బయళ్ళ నుంచి గడ్డి మోసుకురావడం ఆడవాళ్ళ పని. మగవాడు మోపు నెత్తికెత్తుకుంటే ఊరు నవ్వుతుంది. "ఒక్క మోపేగా" అన్నాడు షాయో. ఆ ఒక్కటీ రోజూ అయింది. ప్రతి అడుగుకూ లోపల ప్లేటు వంగుతోందని తెలిసీ ఆమె కొండెక్కింది. ఎందుకంటే, వద్దు అన్న మాట ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ అనలేదు. ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. నిన్న మలుపు దగ్గర తొడలో టక్కుమంది.

"ఎన్నాళ్ళుంటావ్? ఆవుల సంగతేం చెయ్యమంటావ్?" జీపెక్కిస్తూ అడిగాడు షాయో. కాలి సంగతి అడగలేదు.

డాక్టరమ్మ విరిగిన ప్లేటు తీసి, ఆమె తుంటి ఎముకలోంచే కాస్త తెచ్చి ఖాళీలో నింపి, కొత్తది వేసింది. "ఇదీ విరిగితే ఇక నడక మీద ఆశ వదులుకోవాలి. ఇంట్లో బరువు మొయ్యకుండా ఉండనిస్తారా అమ్మా?"



"ఉండనివ్వరు," అంది అనాయెలి. "ఇక్కడే, పట్నంలో, మా చెల్లెలు బట్టలు కుడుతుంది. చేతిమిషను, కూర్చునే తిప్పొచ్చు. అక్కడికి పోతాను."

అక్కడి పెద్ద వానలకు ముందు, మార్చి నెలలో కొండ దిగిన అనాయెలి, షాయో ఇంటికి మళ్ళీ రాలేదు.