మొదటి ముద్ద

"మా ఆవిడ కూడా మీలాగే వండుతుంది మేడమ్, ఒక్క ఉప్పు దగ్గరే ఎప్పుడూ తేడా కొడుతుంది!"

గుర్‌గావ్‌లో ఓ పేరున్న రెస్టారెంటులో, పలకరించడానికి బల్ల దగ్గరికొచ్చిన చెఫ్‌తో తిరుమలేష్ ఇంగ్లీషులో అన్న మాట అది. అతని ఆఫీసువాళ్లంతా పగలబడి నవ్వారు. పక్కనే ఉన్న అతని భార్య మైథిలి కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంటికెళ్లాక "నలుగురిలో ఆ మొహమేంటి?" అని వినాలి. ఆ చెఫ్ మాత్రం నవ్వలేదు. కౌంటర్ మీద ఆవిడ ఆత్మకథ కనిపిస్తే మైథిలి కొనేసింది.

మయూర్ విహార్ నుంచి ఆఫీసుకెళ్తూ మెట్రోలో చదివింది. రుచి చూడకుండా గిన్నె బయటికి పంపినందుకు మొదటి ఉద్యోగంలో పడ్డ చీవాట్ల గురించి రాస్తూ, "తన వంట రుచి తనకి తెలియనివాళ్లు ఎదుటివాళ్ల మొహం చూసి బతకాలి" అందావిడ. మైథిలి ఆ వాక్యం మళ్లీ చదివింది. నా సంగతి ఈవిడకెవరు చెప్పారమ్మా!

పెళ్లయిన కొత్తలోనే అత్తగారు ఆండాళ్ తేల్చి చెప్పేసింది. "పెరుమాళ్లకి ఆరగింపు కాకుండా నాలిక మీద వేశావా, అంతా ఎంగిలే. ఆడదానికి వాసనతోనే తెలియాలి." సరే, ఇన్నేళ్లూ వాసనే పట్టింది. దేవుడికి ఆరగింపయ్యాక తిరుమలేష్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా గుమ్మం పట్టుకుని నిలబడేది. అతని కనుబొమలు ముడిపడితే ఆ గుమ్మాన్నే ఇంకా గట్టిగా పట్టుకునేది. "తక్కువైంది" అనగానే ఆండాళ్ గిన్నెలోనే ఇంత ఉప్పు కలిపేసేది. అందరి తర్వాత మైథిలి తినేది ఆ కలిపిందే. ఆఫీసులో అంత పెద్ద టీముని నడిపే తను ఒక ముద్దకి వణకడమేంటి, సిగ్గు కాదూ? సిగ్గే. అయినా ఆ వణుకు ఆగేది కాదు.

ఆదివారం దప్పళం ఉడుకుతోంది. అత్తగారు పూజగదిలో ఉంది. మైథిలి గరిటెతో ఓ చుక్క అరచేతిలో వేసుకుంది. గుండె చప్పుడు ఆ గదిదాకా వినబడుతుందేమోనని హడలిపోతూ నాకింది. పులుపు, బెల్లం, ఉప్పు అన్నీ అమిరాయి. హమ్మయ్య! ఆ దప్పళమే ఆరగింపుకీ వెళ్లింది.

తిరుమలేష్ ఫోన్ చూస్తూ కలుపుకున్నాడు. ముద్ద ఇంకా నాలికకి తగిలిందో లేదో, "ఉప్పు తగ్గింది యార్" అన్నాడు. ఆండాళ్ అలవాటుగా ఉప్పు డబ్బా అందుకుంది.

అప్పుడు వేసింది మైథిలికి అసలు భయం. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు సరిగ్గానే ఉండుంటుంది? తను వణికిన ప్రతిసారీ అతను ఊరికే అన్నాడా? నోరు విప్పితే ఈ ఇంట్లో ఏమవుతుందో ఊహకందడం లేదు. అయినా వెళ్లి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వెయ్యకండి అత్తయ్యా. ఉప్పు సరిపోయింది. పెరుమాళ్లకంటే ముందు నేనే రుచి చూశాను."